బెంచీకి ఏ కర్ర మంచిది?

నల్లమల అడవి పక్కన ఒక ఊరు. ఆ ఊళ్లో ఆడవాళ్ల పొదుపు సంఘం ఉంది. సంఘంలో 12 మంది సభ్యులు. పంచాయతీ వాళ్లు ఒక పాత గది ఇచ్చారు. వారానికి ఒకసారి అక్కడ కూర్చుని పొదుపు డబ్బు కడతారు. రాత్రిపూట అదే గదిలో చదువుకుంటారు. గదిలో బెంచీ లేదు. చాప పరుచుకుని కూర్చుంటారు. పుస్తకాలు గోడ గూట్లో పెడతారు.

వానాకాలంలో ఒకరోజు సుజాత పొదుపు పుస్తకం తెరిచింది. ఆమె గుండె గుభేలుమంది. పుస్తకంలో సగం లేదు! చెదలు తినేశాయి. మిగిలింది మట్టి, చిల్లులు.

ఎవరు ఎంత కట్టారు? ఎవరు ఎంత అప్పు తీసుకున్నారు? అంతా ఆ పుస్తకంలోనే ఉంది.

"నేను ఆరు నెలలు కట్టాను" అంది కాశమ్మ.

"కాదు, నాలుగు నెలలే" అంది మల్లమ్మ.

మాటా మాటా పెరిగింది. ఇద్దరివీ పక్కపక్క ఇళ్లు. రోజూ కలిసి నీళ్లకు పోయేవాళ్లు. రెండు వారాలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చివరికి సుజాత బ్యాంకు పుస్తకం తెచ్చింది. ఒక్కొక్క లెక్కా చూసి సరిచేసింది. కాశమ్మ కట్టింది ఐదు నెలలు! ఇద్దరూ నవ్వుకున్నారు. కానీ అందరికీ భయం పట్టుకుంది. మళ్లీ ఇలా జరిగితే?

"పుస్తకాలకు ఒక బీరువా చేయిద్దాం. కూర్చోవడానికి రెండు బెంచీలు చేయిద్దాం" అనుకున్నారు. ఇనప బీరువాకు డబ్బు చాలదు. చెక్కతోనే చేయించాలి. మరి ఏ చెక్కతో?

మల్లమ్మ మంచం

"టేకు అయితే నూరేళ్లు ఉంటుందంట. టేకే చేయిద్దాం" అంది కాశమ్మ.

మల్లమ్మ తల అడ్డంగా ఊపింది. "టేకు అనే పేరు చూసే నేను మోసపోయాను" అంది.

మూడేళ్ల కిందట మల్లమ్మ పట్నంలో ఒక మంచం కొన్నది. "అసలైన టేకు" అన్నాడు అమ్మేవాడు. మంచం నిగనిగలాడింది. అప్పు చేసి కొన్నది. రెండు వానాకాలాలు గడిచాయి. మంచం కింద రోజూ తెల్లటి పిండి రాలేది. ఊడ్చినా మళ్లీ రాలేది. ఒక రాత్రి మంచం కోడు విరిగింది. మంచం పోయింది. అప్పు మాత్రం ఇంకా తీరలేదు.

"టేకుకు పుచ్చు పట్టదంటారు కదా! మరి నా మంచానికి ఎందుకు పట్టింది?" అని మల్లమ్మ అడిగింది.

ఎవరికీ తెలియదు. అందరూ కలిసి ఊరి వడ్రంగి ఆచారి తాత దగ్గరకు పోయారు. మల్లమ్మ విరిగిన కోడు కూడా పట్టుకుపోయింది.

చేవ అంటే ఏమిటి?

ఆచారి తాత కోడు అటూ ఇటూ తిప్పి చూశాడు. పైన పూసిన రంగు గీకాడు. లోపల చెక్క తెల్లగా ఉంది.

"అమ్మా, ఇది టేకే. కానీ చేవ లేని టేకు" అన్నాడు.

తాత ఒక మొద్దు చూపించాడు. మధ్యలో ముదురు రంగు ఉంది. దాని చుట్టూ తెల్లటి భాగం ఉంది.

"మధ్యలో ఉన్నది చేవ. ఇది గట్టిగా ఉంటుంది. చుట్టూ ఉన్నది తెల్లచెక్క. చెట్టు బతికున్నప్పుడు ఈ తెల్లచెక్కలోంచే నీరు పైకి పోతుంది. చెట్టు దాచుకున్న పిండి కూడా ఇందులోనే ఉంటుంది. పుచ్చు పురుగుకు ఆ పిండే తిండి. అందుకే పురుగు ముందు తెల్లచెక్కను పడుతుంది."

"మరి చేవ ఎప్పుడు వస్తుంది?"

"చెట్టు ముదిరేకొద్దీ చేవ పెరుగుతుంది. లేత చెట్టులో తెల్లచెక్కే ఎక్కువ. టేకు చేవలో ఒకరకం నూనె ఉంటుంది. అది చెదలను రానివ్వదు. లేత టేకును కోసి, రంగు పూసి అమ్మితే ఏం లాభం? పేరు టేకు. గుణం మాత్రం రాదు."

మల్లమ్మకు సంగతి అర్థమైంది. కొనేటప్పుడు ఆమె పైరంగే చూసింది. మంచాన్ని తిరగేసి చూడలేదు. అడుగువైపు రంగు పూయరు. అక్కడ చూస్తే చెక్క అసలు రంగు తెలుస్తుంది. సన్నటి రంధ్రాలు ఉన్నాయేమో, పిండి రాలుతోందేమో కూడా తెలుస్తుంది.

రాత్రి వచ్చే కర్ర

ఈ మాట ఊళ్లో పాకింది. రెండు రోజుల తర్వాత ఒక మనిషి సుజాత ఇంటికి వచ్చాడు.

"ముదురు టేకు ఉందమ్మా. మంచి చేవ. సగం ధరకే ఇస్తాను. రాత్రికి బండిలో తెచ్చి దింపుతాను" అన్నాడు.

"కాగితాలు ఉన్నాయా?" అని సుజాత అడిగింది.

"కాగితాలు ఎందుకమ్మా? కర్ర మంచిదైతే చాలదా?" అన్నాడు.

సుజాత సంఘంలో ఈ మాట చెప్పింది. కొందరికి ఆశ కలిగింది. సగం ధర అంటే మాటలా!

అప్పుడు లింగమ్మ పెద్దమ్మ నోరు విప్పింది. ఆమెకు డెబ్బై ఏళ్లు దాటాయి.

"నేను కోడలిగా వచ్చినప్పుడు ఇంటి వెనక్కి పోతే కట్టెలు దొరికేవి. తర్వాత మైలు దూరం పోయాం. ఆ తర్వాత రెండు మైళ్లు. నెత్తిన మోపు పెట్టుకుని నడిచి నడిచి నా మెడ ఒంగిపోయింది. అడవి ఎవరు తిన్నారు? ఇట్లా రాత్రిపూట బండ్లలో వచ్చినవాళ్లే తిన్నారు. మళ్లీ ఒక్క మొక్క నాటినవాడు లేడు."

గదిలో అందరూ మౌనంగా ఉన్నారు.

లింగమ్మ చెప్పింది నిజం. కొండ మీద చెట్లు పోతే వానకు మట్టి కొట్టుకుపోతుంది. ఆ మట్టి వచ్చి చెరువులో పడుతుంది. చెరువు పూడిపోతుంది. అప్పుడు నీళ్లకు దూరం నడవాల్సింది కూడా ఆడవాళ్లే.

చట్టం కూడా ఊరుకోదు. అడవిలో టేకు కొట్టి దొంగతనంగా తేవడం నేరం. పట్టుబడితే కర్ర పోతుంది. తెచ్చిన బండి కూడా పోతుంది. కొన్నవాళ్ల మీద కూడా కేసు పడవచ్చు. ఎర్రచందనం సంగతి ఇంకా గట్టిది. మన తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ఆ చెట్టు ప్రపంచంలో ఇంకెక్కడా తనంతట తాను పెరగదు. జిట్రేగి చెట్లు కూడా అడవుల్లో తగ్గిపోతున్నాయి.

చెట్టు పోతే పని కూడా పోతుంది. కొండపల్లి బొమ్మలు అందరికీ తెలుసు. వాటిని తెల్లపొణికి కర్రతో చేస్తారు. ఆ కర్ర తేలిక. ఉలికి మెత్తగా లొంగుతుంది. ఏళ్ల తరబడి ఆ చెట్లు కొట్టారు. నాటింది తక్కువ. ఇప్పుడు బొమ్మలు చేసేవాళ్లకు కర్ర దొరకడమే కష్టమైంది. చేతిలో పని ఉంది. పనికి కర్ర లేదు.

"దొంగకర్ర మనకు వద్దు" అని సంఘం తీర్మానం రాసుకుంది. అందరూ సంతకాలు పెట్టారు.

నాలుగు ప్రశ్నలు

"మరి టేకు లేకుండా బెంచీ ఎట్లా?" అని కాశమ్మ ఆచారి తాతను అడిగింది.

తాత నవ్వాడు. "టేకు మంచిదే. కానీ బెంచీకి టేకే కావాలని ఎవరన్నారు? మా నాయన చేసిన బండ్లు, నాగళ్లు, తలుపులు అన్నీ ఈ ఊరి చెట్లతోనే చేశాడు. కర్ర కొనేముందు నాలుగు ప్రశ్నలు అడగాలి" అన్నాడు.

ఒకటి: ఈ కర్ర ఎక్కడిది?
రెండు: ఆ చెట్టు బదులు మళ్లీ చెట్టు వస్తుందా?
మూడు: ఈ కర్ర ఏ పనికి?
నాలుగు: కర్ర బాగా ఆరిందా?

తర్వాత ఒక్కొక్క కర్ర గుణం చెప్పాడు.

వేప: గట్టి కర్ర. పురుగు త్వరగా పట్టదు. తలుపులకు, బీరువాలకు, బెంచీలకు పనికివస్తుంది. కానీ పచ్చగా ఉన్న వేపచెట్టును బెంచీ కోసం కొట్టవద్దు. అది నీడ ఇస్తుంది. గింజ ఇస్తుంది. పడిపోయిన చెట్టు, ఎండిన చెట్టు అయితే వాడుకోవచ్చు.

నల్లతుమ్మ: చాలా గట్టి కర్ర, బరువు. బండి చక్రాలకు, నాగళ్లకు వాడేవాళ్లు. బెంచీ కాళ్లకు బాగుంటుంది. పొలం గట్ల మీద గింజ పడి దానంతట అదే మొలుస్తుంది. చేవ భాగమే వాడాలి.

మామిడి: మెత్తన, చవక. కాపు ఉడిగిన ముసలి చెట్లను తోటల్లో తీసేసి కొత్త అంట్లు నాటుతారు. ఆ కర్ర వాడితే అడవికి నష్టం లేదు. కానీ దీనికి పుచ్చు త్వరగా పడుతుంది. మందు పట్టించాలి. వానలో ఉంచకూడదు.

సర్కారు తుమ్మ: ముళ్ల చెట్టు. బీడు భూముల్లో, చెరువుల్లో ఎక్కడంటే అక్కడ అల్లుకుంటుంది. కొట్టినా మళ్లీ చిగురిస్తుంది. కర్ర గట్టిదే. కానీ వంకరగా పెరుగుతుంది. పెద్ద పలకలు రావు. పీటలకు, చిన్న స్టూళ్లకు పనికివస్తుంది.

టేకు: పొలం గట్ల మీద రైతులు పెంచిన టేకు అయితే కొనవచ్చు. అటవీశాఖ డిపోలో వేలం వేసిన టేకు అయినా కొనవచ్చు. రెండింటికీ కాగితాలు ఉండాలి. చేవ చూసి కొనాలి.

పడిపోయిన వేపచెట్టు

కార్తీక మాసంలో తుఫాను గాలి వచ్చింది. లింగమ్మ ఇంటి ముందున్న పెద్ద వేపచెట్టు కూకటివేళ్లతో పడిపోయింది. అది లింగమ్మ అత్తగారు నాటిన చెట్టు. లింగమ్మ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

కొడుకు దాన్ని వంటచెరకుగా అమ్ముదామన్నాడు. లింగమ్మ ఒప్పుకోలేదు.

"పొయ్యిలో పెడితే నెలకు బూడిద అవుతుంది. బెంచీ చేస్తే మా అత్త చెట్టు మీద పది మంది కూర్చుంటారు" అంది.

సంఘం ఆమెకు న్యాయమైన ధర కట్టింది. ఊరికే తీసుకోలేదు.

2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. దాన్నే వాల్టా అంటారు. సొంత భూమిలో ఉన్నా చాలా రకాల చెట్లు కొట్టడానికి అనుమతి తీసుకోవాలి. అందుకని లింగమ్మ కొడుకు ముందు పంచాయతీ ఆఫీసులో అడిగాడు. చెట్టు పడిపోయిందని అర్జీ రాసి ఇచ్చాడు. అనుమతి కాగితం వచ్చాకే మొద్దులు కోశారు.

నీళ్లలో ఒక నెల, నీడలో నాలుగు నెలలు

ఆచారి తాత మొద్దులను చెరువులో ముంచమన్నాడు. అందరూ ఆశ్చర్యపోయారు. ఆరాల్సిన కర్రను నీళ్లలో వేయడమేంటి?

"పురుగుకు తిండి ఏదని చెప్పాను? కర్రలో ఉన్న పిండి. నానితే అది తగ్గుతుంది. తిండి లేని ఇంటికి చుట్టాలు రారు" అన్నాడు తాత.

నెల తర్వాత మొద్దులు తీశారు. సామిల్లులో పలకలు కోయించారు. సంఘం గది పక్కన చుట్టుగుడిసె నీడలో పలకలను పేర్చారు. పలకకూ పలకకూ మధ్య సన్నటి కర్రముక్కలు పెట్టారు. అప్పుడు గాలి ఆడుతుంది. పలకల చివర్లకు పేడ మెత్తారు. కర్ర చివర్ల నుంచి త్వరగా ఆరుతుంది. అక్కడే బీటలు పడతాయి. పేడ మెత్తితే నెమ్మదిగా ఆరుతుంది.

"ఎప్పటికి ఆరతాయి?" అని కాశమ్మ అడిగింది. ఆమెకు సంక్రాంతికే బెంచీ మీద కూర్చోవాలని ఉంది.

"అంగుళం మందం పలకకు మన ఎండల్లో మూడు నాలుగు నెలలు పడుతుంది. పచ్చి కర్రతో చేస్తే ఆరేటప్పుడు ముడుచుకుపోతుంది. బెంచీ కాళ్లు ఊగుతాయి. బీరువా తలుపు పట్టదు."

కాశమ్మ ఆగలేకపోయింది. ఎవరికీ చెప్పకుండా నాలుగు పలకలు తీసుకుపోయి మిద్దె మీద ఎండలో పెట్టింది. వారం తిరిగేసరికి పలకలు అప్పడంలా వంకర తిరిగాయి. నిలువునా బీటలిచ్చాయి. కాశమ్మ తల వంచుకుని పలకలు తిరిగి తెచ్చింది. తాత కోప్పడలేదు. "వీటితో పీటలు చేద్దాంలే" అన్నాడు.

కర్ర ఆరిందని ఎలా తెలుస్తుంది? తాత ఒక ఉపాయం చెప్పాడు. ఒక పలకలోంచి అడుగు పొడవు ముక్క కోసి, రెండు చివర్లకూ రంగు పూశాడు. దాన్ని పలకల మధ్యే ఉంచాడు. దాన్ని అప్పుడప్పుడు తూకం వేయమన్నాడు.

తూకం పని మల్లమ్మ తీసుకుంది. చిల్లర కొట్లో ముక్కను తూచేది. తన నోటు పుస్తకంలో తానే రాసుకునేది.

జనవరి ఆఖరు: 2 కిలోల 500 గ్రాములు
ఫిబ్రవరి ఆఖరు: 2 కిలోల 200 గ్రాములు
మార్చి ఆఖరు: 1 కిలో 950 గ్రాములు
ఏప్రిల్ 15: 1 కిలో 800 గ్రాములు
ఏప్రిల్ ఆఖరు: 1 కిలో 800 గ్రాములు
మే 15: 1 కిలో 800 గ్రాములు

"తాతా, బరువు ఇంక తగ్గడం లేదు" అని మల్లమ్మ చెప్పింది.

తాత పుస్తకం అందుకుని చూశాడు. "తగ్గాల్సిన నీరు తగ్గింది. ఇక పని మొదలుపెట్టొచ్చు. నా కంటే నీ పుస్తకమే బాగా చెప్పింది" అన్నాడు.

బీరువా వచ్చింది

బెంచీల పైపలకలు, బీరువా అరలు, తలుపులు వేపతో చేశారు. బెంచీ కాళ్లకు తాత దగ్గర రెండేళ్లుగా ఆరిన నల్లతుమ్మ ఉంది. ఒక రైతు పొలం గట్టున కొన్న కర్ర అది. బీరువా వెనకవైపు ముసలి మామిడి పలకలు వేశారు. వాటిని ముందుగా బోరాక్సు, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టారు. చేతులకు తొడుగులు వేసుకుని ఆ పని చేశారు. మందునీళ్లు పిల్లలకు, పశువులకు అందకుండా చూశారు.

బీరువా గదిలో పెట్టేటప్పుడు తాత ఇంకో మాట చెప్పాడు.

"కర్ర మంచిదని ధీమాగా ఉండకండి. చెదలు నేలలోంచి, గోడలోంచి వస్తాయి. బీరువా కాళ్ల కింద రాళ్లు పెట్టండి. గోడకు జానెడు దూరంగా జరపండి. వారానికోసారి వెనక ఊడ్చండి. మట్టి గీతలు కనపడితే వెంటనే గీకేయండి."

వానలు మొదలయ్యే ముందే పుస్తకాలన్నీ బీరువాలోకి చేరాయి. లింగమ్మ బెంచీ మీద కూర్చుని పలకను చేత్తో నిమిరింది. ఏమీ మాట్లాడలేదు.

తొలకరికి లింగమ్మ ఇంటి ముందు, పాత చెట్టు ఉన్నచోటే ఒక వేపమొక్క నాటారు. మల్లమ్మ తన పొలం గట్టున పది టేకు మొక్కలు నాటింది. ఏ రోజు నాటింది, ఎక్కడ నాటింది సంఘం పుస్తకంలో రాసింది.

"ఇది ఎందుకు రాస్తున్నావక్కా?" అని సుజాత అడిగింది.

"ఎప్పుడో ఒకరోజు వీటిని కోస్తారు కదా! ఈ కర్ర ఎక్కడిదని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఉండాలి" అంది మల్లమ్మ.

గుర్తుంచుకుందాం

1. కర్ర పేరు ఒక్కటే చూడవద్దు. చేవ చూడాలి.
2. కొనే వస్తువును తిరగేసి, అడుగువైపు చూడాలి. రంధ్రాలు, పిండి ఉంటే కొనవద్దు.
3. కాగితాలు లేని కర్ర కొనవద్దు. రసీదు తీసుకోవాలి.
4. పచ్చి కర్రతో వస్తువులు చేయించవద్దు. నీడలో ఆరనివ్వాలి.
5. ఒక చెట్టు వాడుకుంటే, దాని బదులు మొక్క నాటి పెంచాలి.

లెక్క చేద్దాం

కోసిన కర్రను ఘనపు అడుగుల్లో కొలిచి అమ్ముతారు. పలక పొడవును వెడల్పుతో హెచ్చించాలి. రెండూ అడుగుల్లో ఉండాలి. వచ్చినదాన్ని అంగుళాల్లో ఉన్న మందంతో హెచ్చించాలి. దాన్ని 12తో భాగించాలి.

బెంచీ పలక పొడవు 6 అడుగులు. వెడల్పు 1 అడుగు. మందం 1 అంగుళం.
6 × 1 × 1 = 6
6 ÷ 12 = అర ఘనపు అడుగు

ఇలాంటి పలకలు రెండైతే ఒక ఘనపు అడుగు. చిత్రిక పట్టేటప్పుడు కొంత తరుగు పోతుంది. కాబట్టి కాస్త ఎక్కువే కొనాలి.

ఇప్పుడు మీరు చేయండి: బీరువాకు 4 అరలు కావాలి. ఒక్కొక్క అర పొడవు 3 అడుగులు, వెడల్పు 1 అడుగు, మందం 1 అంగుళం. మొత్తం ఎన్ని ఘనపు అడుగుల కర్ర కావాలి?

మాట్లాడుకుందాం

1. మల్లమ్మ మంచం ఎందుకు పాడైంది?
2. సగం ధరకు వచ్చే కర్రను సంఘం ఎందుకు వద్దనుకుంది? మీరైతే ఏం చేస్తారు?
3. కాశమ్మ పలకలు ఎందుకు వంకర తిరిగాయి?
4. మీ ఊళ్లో ఒకప్పుడు ఉండి ఇప్పుడు కనపడని చెట్లు ఏవి? పెద్దవాళ్లను అడిగి రాయండి.

చేసి చూద్దాం

మీ ఇంట్లో ఉన్న చెక్క వస్తువులు ఏవి? మంచం, పీట, తలుపు, రోకలి ఒక్కొక్కటీ ఏ కర్రతో చేశారో తెలుసుకోండి. మీ నోటు పుస్తకంలో రాయండి.